గిఫర్డ్ ఉపన్యాసాలు వదులుకోకండి

అందరికీ నమస్కారం. స్కాట్లాండ్‌లో చదువుకుంటున్న మన పిల్లలకు ముఖ్యంగా ఈ మెసేజ్. ఎడిన్‌బరా, గ్లాస్గో, అబర్డీన్, సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీల్లో దేవుడి గురించి జరిగే గిఫర్డ్ ఉపన్యాసాలకు వీలు చేసుకుని వెళ్లండి. జడ్జిగా పనిచేసిన ఆడమ్ గిఫర్డ్ రాసిన వీలునామాతో ఇవి 1888లో మొదలయ్యాయి. వక్త ఏ మతం వాళ్లయినా, అసలు ఏ మతమూ లేనివాళ్లయినా సరే మాట్లాడొచ్చు, విద్యార్థులే కాదు, బయటివాళ్లూ వచ్చి వినొచ్చు అని ఆయన అందులో స్పష్టంగా రాశారు. దేవుడి గురించి మాట్లాడే వేదికకు, ఆ రోజుల్లో ఇంత స్వేచ్ఛ ఇవ్వడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. తత్వవేత్త విలియమ్ జేమ్స్, రాజకీయ తత్వవేత్త హానా ఆరెంట్, ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ మాట్లాడింది ఇక్కడే. తేదీలు యూనివర్సిటీ సైట్లలో చూసుకోండి. మిగతావాళ్లకు ఎడిన్‌బరా ఉపన్యాసాల వీడియోలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. విన్నవాళ్లు గ్రూప్‌లో రెండు ముక్కలు రాయండి.