పియానో బయలుదేరే ముందు

విజయనగరం,
ఆదివారం సాయంత్రం

బుజ్జమ్మా,

మొన్న ఫోన్లో మన పియానోని హైదరాబాదులో నీ దగ్గరికి పంపే మాటొస్తే "నలుగురు కళాసీల్ని పిలిచి లారీ ఎక్కించెయ్యమ్మా, ఏటవుతుంది" అన్నావు. అప్పుడు నీకు సర్దిచెప్పే ఓపిక లేక ఊరుకున్నాను గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

2004లో కంటోన్మెంటు అద్దింటి నుంచి ఈ ఇంటికి మారాం. నీకు గుర్తుండదు, చిన్నదానివి. బీరువాలు, మంచాలు మోసిన కళాసీలకే పియానో కూడా అప్పజెప్పాం. వాళ్ల తప్పేం లేదు తల్లీ, బస్తా ఎత్తడం వాళ్లకి తెలిసినంతగా మనకి తెలీదు. పియానో ఎలా ఎత్తాలో వాళ్లకి చెప్పినవాళ్లే లేరు. ముందు కాళ్లకి మోకు కట్టి లాగారు. గడప దగ్గర చక్రం ఇరుక్కుంది. "ఒక్క పట్టు పట్టండ్రా" అన్నారెవరో. ఫెళ్లుమని చప్పుడు. ఎడమ కాలు మొదలంటా చీలి పియానో ముందుకి ఒరిగిపోతే, మీ నాన్న భుజం అడ్డం పెట్టి ఆపారు. నెల రోజులు ఆ చెయ్యి పైకి లేవలేదు. వడ్రంగి టేకుతో కొత్త కాలు చేసి పెట్టాడు గానీ రంగు కలవలేదు. చిన్నప్పుడు నువ్వు వాయిస్తూ కాలు తన్నేదానివే, ఆ కాలే.

మీ అమ్మమ్మ తన బొబ్బిలి వీణని రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకునేది. ఒకే పనస దుంగలో తొలిచిన వీణ, మనిషి ఒడిలో ఇమిడిపోతుంది. పియానో అలా కాదు కదా. మనలాంటి నిలువు పియానోయే 200 నుంచి 300 కిలోలుంటుంది. లోపల పోత ఇనుప చట్రం, దానిమీద 200 పైచిలుకు తీగలు. అవన్నీ కలిసి లాగే బలం 18 టన్నుల దాకా ఉంటుంది. ఒక్క కుదుపుకి పైన గీత పడకపోయినా లోపల తీగల్ని కొట్టే సుత్తులు పక్కకి జరగొచ్చు.

విశాఖపట్నంలో ముగ్గురు ప్యాకర్లకి ఫోన్ చేశాను. మొదటాయన అడ్రసు అడిగి రేటు చెప్పేశాడు. రెండో ఆయనా అంతే. మూడో ఆయన మాత్రం "నిలువుదా, పడుకున్నట్టుండే పెద్ద గ్రాండా? ఎన్ని మెట్లు? గడప ఎత్తెంత? దించే చోట లిఫ్టుందా?" అని అడిగి, చూడందే రేటు చెప్పనన్నాడు. గురువారం టేపు పట్టుకుని వచ్చాడు. ఆయన్నే ఖాయం చేశాను. రెండు వేలు ఎక్కువే, అయినా నాకు బాధ లేదు.

ఆయన చెప్పింది విను. ముందు మూత తాళం వేసి మందపాటి దుప్పట్లు కప్పుతారట. ప్లాస్టిక్ కాగితం దుప్పటి మీదే చుడతారు, పాలిష్‌కి నేరుగా తగలనివ్వరు. తర్వాత బెల్టులతో బిగించి చక్రాల పలక మీదకి ఎక్కిస్తారు. పియానోకున్న చక్రాలు గదిలో జానెడు జరుపుకోడానికేనట, వీధిలో దొర్లించడానికి కాదు. లారీలో నిలబెట్టే ఉంచి గోడకి ఆనించి కడతారు, వెల్లకిలా పడుకోబెట్టరు. ఇన్సూరెన్సు సంగతి నేనే గట్టిగా అడిగాను, పైపెట్టెకేనా, లోపలి యంత్రానికీనా అని. దాన్ని కాగితం మీద రాయమన్నాను. మెట్లకి వేరే డబ్బు అడక్కుండా అదీ రాయించాను. బయల్దేరే రోజు నాలుగు పక్కలా ఫోటోలు తీస్తాను, ఆ పాత కాలుతో సహా.

పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం జరిగే మంగళవారం అయ్యాక వారానికి లారీ అనుకున్నాం. ఉత్సవం రోజుల్లో కోట దగ్గర, మూడు లాంతర్ల దగ్గర మనిషికే దారి దొరకదు, లారీ ఎలా వస్తుంది? తుపాను హెచ్చరిక ఉంటే వాయిదా వెయ్యమని కూడా చెప్పాను.

ఇక నీ వైపు పని. ఏసీ కింద, బాల్కనీ ఎండ తగిలే చోట పెట్టకు. వచ్చిన మర్నాడే ట్యూనింగు చేయించకు. ఇక్కడి తేమ గాలికి అలవాటైన కొయ్య, హైదరాబాదు పొడి గాలికి సర్దుకోవాలి. రెండు మూడు వారాలు ఆగు. అప్పట్లో నేను ఆగలేక రెండో రోజే చేయించాను. నెల తిరక్కుండా శ్రుతి మళ్లీ తప్పింది.

నిన్న మూత తీసి తుడిచాను. నీ ఏడో ఏట తెల్ల మెట్ల మీద పెన్సిలుతో రాసుకున్న స రి గ మ ఇంకా ఉన్నాయి. వాటి మీద తడిగుడ్డ వెయ్యనివ్వను.

నీ లిఫ్టు తలుపు వెడల్పు, లోపలి లోతు కొలిచి రేపు పొద్దున్నకల్లా పంపు. ఆయన సోమవారం అడుగుతానన్నాడు.

మీ అమ్మ