రక్తంలో కాల్షియం సరిపోయినంత మాత్రాన ఎముక గట్టిదని కాదు

సంపాదకులకు నమస్కారం.

అరవై ఆరేళ్ల మా అక్కయ్య గత వేసవిలో స్నానాల గదిలో కాలు జారి పడింది. ఎత్తు నుంచి పడలేదు, నిలబడ్డ చోటే కూలబడింది. అయినా తుంటి ఎముక విరిగింది. అంతకు మూడు నెలల ముందు నడుము నొప్పి అని చూపించుకుంటే రక్తపరీక్షలో కాల్షియం 9.4 వచ్చింది. అది చూసి, ఎముకలకు భయమేమీ లేదని చెప్పి పంపించారు. రిపోర్టులోని అంకె సరైనదే. ఆ అంకెతో ఎముకను కొలవడమే తప్పు. ఈ పొరపాటు మరెన్నో ఇళ్లలో జరుగుతోందన్న బాధతో, జీవశాస్త్రం బోధించిన దానిగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పెద్దవారి శరీరంలో సుమారు కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లోనూ పళ్లలోనూ ఉండగా, రక్తంలో తిరిగేది అర గ్రాము కూడా ఉండదు. అయితే గుండె కొట్టుకోవాలన్నా, కండరం ముడుచుకోవాలన్నా, నరం సంకేతం పంపాలన్నా, గాయమైన చోట రక్తం గడ్డకట్టాలన్నా ఆ కాస్త కాల్షియమే ఆధారం. అది బాగా తగ్గితే చేతులు కొంకర్లు పోతాయి, ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. అందుకే శరీరం దాన్ని డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య నిలబెట్టడానికి ఎంతకైనా సిద్ధపడుతుంది.

ఆ కాపలా పని మెడలో థైరాయిడ్ వెనుక ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులది. రక్తంలో కాల్షియం ఏ కొంచెం తగ్గినా అవి వెంటనే పసిగట్టి తమ హార్మోన్‌ను వదులుతాయి. ఆ హార్మోన్ మూత్రంలో పోయే కాల్షియాన్ని మూత్రపిండాల చేత వెనక్కి పట్టిస్తుంది. అదే మూత్రపిండాల్లో విటమిన్ డిని చురుకైన రూపానికి మార్పించి, పేగులు ఆహారం నుంచి మరింత కాల్షియం పీల్చుకునేలా చేస్తుంది. ఎముకను కరిగించే కణాలను పరోక్షంగా పురికొల్పి, అక్కడి నిల్వలోంచి కాల్షియాన్ని రక్తంలోకి దింపుతుంది. థైరాయిడ్ నుంచి వచ్చే కాల్సిటోనిన్ అనే హార్మోన్ దీనికి విరుద్ధంగా పనిచేసినా, పెద్దవారిలో దాని పాత్ర స్వల్పమే.

తిండిలో కాల్షియం ఏళ్ల తరబడి చాలకపోయినా, రక్తంలో అంకె చెదరకుండా ఉండటానికి కారణం ఇదే. వంటింట్లో బియ్యం డబ్బా రోజూ నిండుగానే కనిపిస్తుంది. గాదె అడుగంటుతున్న సంగతి డబ్బాను చూస్తే తెలియదు. ఎముకలో పాతదాన్ని కరిగించడం, కొత్తదాన్ని కట్టడం జీవితాంతం సాగుతూనే ఉంటాయి. కరగడానికి కొన్ని వారాలు చాలు గానీ, ఆ గుంత పూడటానికి నెలలు పడుతుంది. కరిగే వేగాన్ని అదుపులో ఉంచే ఈస్ట్రోజన్ హార్మోన్ నెలసరి ఆగిపోయాక తగ్గిపోతుంది కాబట్టి, ఆ తర్వాతి కొన్నేళ్లలో స్త్రీల ఎముక త్వరత్వరగా గుల్లబారుతుంది. అది విరిగేదాకా చాలామందికి నొప్పి కూడా ఉండదు, రక్తంలో కాల్షియమూ మామూలుగానే ఉంటుంది. అంకె ఎక్కువగా ఉంటే ఎముక బలంగా ఉన్నట్లే అనుకోవడం ఇంకా ప్రమాదం: పారాథైరాయిడ్ గ్రంథిలో గడ్డ ఏర్పడినప్పుడు ఎముక కరుగుతూ ఉంటే రక్తంలో కాల్షియం పెరుగుతుంది.

మన ప్రాంతంలో ఎండకు కొదవ లేదు గనుక ఈ బెడద మనకు రాదని కొందరంటారు. తిరుపతి వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, రోజంతా ఎండలో పొలం పనిచేసే గ్రామీణుల్లో కూడా చాలామందికి విటమిన్ డి చాలలేదు. వారి తిండిలో కాల్షియం బాగా తక్కువ, దాన్ని పేగుల్లో బంధించే ఫైటేట్ అనే ధాన్యాల్లోని పదార్థం ఎక్కువ. పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, నెలసరి ఆగిన స్త్రీలకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగానే ఉంటుంది. మొలకెత్తించి పిండి పట్టించినా, పిండిని పులియబెట్టినా ఫైటేట్ తగ్గుతుంది. అంబలి పులియబెట్టిన మన పెద్దలు ఏళ్లుగా చేసిన పని ఇదే. ఇలాగని మందుల షాపులో కొనుక్కుని 60,000 యూనిట్ల విటమిన్ డిని వైద్యుని సలహా లేకుండా నెలల తరబడి వాడటం తగదు. విటమిన్ డి అతిగా చేరి రక్తంలో కాల్షియం హద్దు మీరితే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఎముక సాంద్రత తెలియాలంటే తుంటికీ వెన్నుకూ డెక్సా అనే ఎక్స్-రే స్కాన్ తీయించాలి. అందులో టీ-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న యువత ఎముక సాంద్రతతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 2.5గానీ, అంతకన్నా కిందికిగానీ వస్తే ఎముకలు గుల్లబారినట్లు. విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షలు కారణం వెతకడానికి ఉపకరిస్తాయి. జిల్లా కేంద్రాల ప్రభుత్వాసుపత్రుల్లో అరవై దాటిన స్త్రీలకు ఈ స్కాన్ ఉచితంగా అందేలా రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఏర్పాట్లు చేయాలని కోరుతున్నాను. ప్రయోగశాలల వారికి మరో విన్నపం: కాల్షియం అంకె కింద, అది రక్తం సంగతి మాత్రమే చెబుతుందనీ ఎముక గట్టిదనాన్ని చెప్పదనీ తెలుగులో ఒక్క వరుస అచ్చువేయండి. మా అక్కయ్య ఆ రిపోర్టును ఇంటికి తెచ్చుకుని రెండుసార్లు చదువుకుంది. ఆ వరుస ఉండి ఉంటే తప్పక చదివేది.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
తెనాలి.