సేవలను కలిపేవారు వాటి పొందికకూ బాధ్యత వహించాలి

సంపాదకులకు నమస్కారం.

ఒకే ఫైబర్ కనెక్షన్ మీద ఫోను, టీవీ, ఇంటర్నెట్ మూడూ ఇచ్చే పద్ధతి మా నల్లగొండ, మిర్యాలగూడ పట్టణాల్లో ఇప్పుడు మామూలైపోయింది. మొబైల్‌లోనూ 4జీ వచ్చాక మన మాట డేటా ప్యాకెట్ల రూపంలోనే ప్రయాణిస్తోంది. దీనికి ఆధారమైన ఐపీ మల్టీమీడియా సబ్‌సిస్టమ్ అనే వ్యవస్థను మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలను రూపొందించే 3జీపీపీ సంస్థ 2002లో ఖరారైన తన ఐదవ విడత ప్రమాణాల్లో ప్రవేశపెట్టింది. ఈ మార్పును మనసారా స్వాగతిస్తూనే, అంతగా చర్చకు రాని ఒక లోపాన్ని మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికి తేదలచాను.

విడివిడిగా సక్రమంగా పనిచేసే రెండు సేవలు ఒకచోట చేరినప్పుడు ఒకదానికొకటి అడ్డుపడవచ్చు. వేధిస్తున్న ఒక వ్యక్తి నంబరును నేను నిరోధించాననుకుందాం. అతడు మా తమ్ముడికి ఫోన్ చేస్తాడు. తమ్ముడు తన కాల్స్‌ను నా నంబరుకు మళ్లించి ఉన్నాడు. అప్పుడు నా ఫోను మోగాలా, వద్దా? నెట్‌వర్క్ అతని నంబరును చూస్తే కాల్ ఆగిపోతుంది, తమ్ముడి నంబరును చూస్తే నేరుగా నా దగ్గరికే వస్తుంది. ఇందులో ఏ సేవా చెడిపోలేదు, అయినా నేను కోరుకున్న రక్షణ నాకు దక్కలేదు.

ఇంజినీర్లకు ఈ చిక్కు కొత్తది కాదు. ఏ సేవను ముందు నడపాలి, ఏది తర్వాత అన్న ప్రాధాన్య క్రమం ప్రతి చందాదారుడి వివరాలతో పాటు నెట్‌వర్క్ సర్వర్‌లోనే నమోదై ఉంటుంది, కాల్ వచ్చినప్పుడు ఆ వరుస ప్రకారమే ఒక్కొక్క అప్లికేషన్ సర్వర్‌కు, అంటే ఆయా సేవను నడిపే కంప్యూటర్‌కు, వెళుతుంది. వరుస మారితే ఫలితమూ మారుతుంది. అయితే ఆ వరుసను నిర్ణయించేది టెలికాం సంస్థ. డబ్బు కట్టే చందాదారుడికి అటువంటిది ఒకటి ఉందని కూడా తెలియదు. పైగా మళ్లింపు ఒక సంస్థ నెట్‌వర్క్‌లో, నిరోధం మరొక సంస్థ నెట్‌వర్క్‌లో ఉన్నప్పుడు ఈ క్రమం రెంటినీ కలిపి చూడజాలదు.

దీని వల్ల జరిగే నష్టం ఊహకు పరిమితమైనది కాదు. కాల్ మళ్లింపు మంచి సేవే, ఓటీపీని ఫోన్ కాల్‌లో చదివి వినిపించడమూ మంచి సేవే. ఈ రెండూ కలిసే సందును మోసగాళ్లు పట్టుకున్నారు: కొరియర్ వచ్చిందనో, సిమ్ ఆగిపోతుందనో నమ్మించి ఒక కోడ్ నొక్కిస్తే చాలు, బాధితుడి కాల్స్ వారికి వెళతాయి, వాటితో పాటే ఓటీపీ కూడా. అందుకే టెలికాం శాఖ స్టార్ 401తో పనిచేసే యూఎస్ఎస్‌డీ (ఫోన్‌లో కోడ్ నొక్కి సేవ పొందే పద్ధతి) కాల్ మళ్లింపును 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపివేయాలని సంస్థలను ఆదేశించింది. అది అవసరమైన చర్యే అయినా, ప్రజలు నష్టపోయాక ఒక ద్వారం మూయడం కంటే సేవలను కలిపేటప్పుడే పరీక్షించడం మేలు కదా!

పాలమూరు పల్లెల్లో ముంబయికో పుణెకో పనికి వెళ్లిన కొడుకు చేసే ఫోనే ఇంట్లోని పెద్దవారికి ఆధారం. ఆ కాల్ ఎవరికో మళ్లిపోతున్నా వారికి తెలిసే మార్గం లేదు. *#21# నొక్కితే మళ్లింపు ఉందో లేదో తెలుస్తుందని, ##002# నొక్కితే అది రద్దవుతుందని చెప్పేవారేరి?

అందువల్ల ఏ నంబరుకైనా మళ్లింపు మొదలైన వెంటనే ఆ సంగతిని తెలుగులో, సందేశంగానే కాక చదువు రానివారికి అర్థమయ్యేలా మాటల్లో కూడా తెలియజేయడాన్ని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తప్పనిసరి చేయాలని కోరుతున్నాను. కొత్త సేవను అమ్మే ముందు, చందాదారుడి దగ్గర అప్పటికే ఉన్న సేవలతో అది ఎలా మెలగుతుందో పరీక్షించే బాధ్యతను సంస్థల మీదే పెట్టాలి. వేర్వేరు సంస్థల నెట్‌వర్క్‌ల మధ్య తలెత్తే చిక్కులకు మొదట ఫిర్యాదు అందుకున్న సంస్థే జవాబుదారీ కావాలి. ఇవాళ ఒకరు మరొకరి వైపు వేలు చూపితే చందాదారుడు మధ్యలో మిగిలిపోతున్నాడు. ట్రాయ్ నిర్వహించే వినియోగదారుల అవగాహన సదస్సులను దేవరకొండ, అచ్చంపేట వంటి చోట్ల కూడా జరిపి, వచ్చినవారి చేతిలోని ఫోన్లలోనే మళ్లింపును పరిశీలించి చూపించాలని అధికారులకు విన్నవిస్తున్నాను.

— ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు, నల్లగొండ