పాత గోడకు సిమెంటు పూత వద్దు

సంపాదకుడికి,

వానలు పడగానే పాత తాలూకా కచేరీలు, బడులు, ఆస్పత్రుల గోడలు మోకాలెత్తున ఉబ్బి పెచ్చులు రాలుస్తాయి. వెంటనే అంచనాలు వేస్తారు: రాలినచోట సిమెంటు ప్లాస్టరింగు, పైన ఎమల్షన్ రంగు. రెండు మూడేళ్లకు అదే గోడ మళ్లీ రాలుతుంది, ఈసారి నడుమెత్తున. చివరికి శిథిలమని రాసి కూల్చేస్తారు.

గోడ తప్పేం లేదు. ఆ కట్టడాల పునాదుల్లో చెమ్మను ఆపే పొర ఉండదు. నేల తడి ఇటుకలోకి పాకినా సున్నపు పూతలోంచి ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసేస్తే తడి పైకెక్కుతుంది, దాంతోపాటు వచ్చిన ఉప్పు పూత వెనక పేరుకుంటుంది. రాలిన పెచ్చును తిరగేసి చూడండి, ఇటుక ఎర్రపొర దానికే అంటుకుని ఉంటుంది, మీద తెల్లటి నూగు.

ముందు కారే గొట్టాలు, చూరు బాగుచేయాలి. గోడ మొదట్లో పెరిగిన మట్టి, సిమెంటు గచ్చు తీసేయాలి. పాత పూతను ఉలితోనే చెక్కాలి, మిషను పెడితే ఇటుకలు కదులుతాయి. ఇటుకల మధ్య దర్జులు (అతుకులు) ముప్పావు అంగుళం లోతు గీకి గోడను బాగా ఆరనివ్వాలి. ఆపై ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు కడిగిన ఇసుక, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు కలిపి పూయాలి. ఒక్కో పొర అరంగుళం దాటకూడదు. తడి గోనెలు పది రోజులైనా కప్పి ఉంచాలి. సున్నం కనీసం మూడు వారాలు నీళ్లలో మాగాలి. నీళ్లు సరిగా పట్టక చావని పలుకులుంటే గోడెక్కాక పొక్కులై పేలతాయి, నింద మాత్రం సున్నం మీద పడుతుంది. 'గట్టిదనానికి గుప్పెడు సిమెంటు' కలిపే అలవాటు మరీ చేటు. చివర వెల్ల చాలు.

పర్యావరణానికీ సున్నమే మేలు. సున్నం దాదాపు 900 డిగ్రీల వేడికి కాలుతుంది, పొడిచేస్తే సిమెంటయ్యే క్లింకరుకు సుమారు 1450 కావాలి. పైగా సున్నం గట్టిపడేది గాలిలోని కార్బన్ డయాక్సైడును తిరిగి పీల్చుకునే. 1591 నాటి చార్మినారు నిలబడింది సున్నం మీదే.

మేస్త్రీలు దొరకరంటారు. అసలు అడ్డంకి గడువు. మార్చి 31లోగా బిల్లు కావాలంటే ఎవరైనా సిమెంటే వాడతారు. పాత కట్టడాల మరమ్మతు అంచనాల్లో సున్నపు పనిని విడిగా చూపి, దసరా తర్వాత మొదలుపెట్టి మరుసటి వానలలోపు ముగించేలా గడువివ్వాలని రోడ్లు భవనాల శాఖను కోరుతున్నాం.

— కొందరు సివిల్ ఇంజినీర్లు, కాకినాడ