కారని అమ్మిన మూడు చక్రాల బండికి బియ్యం బస్తా వైద్యం

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: మీ మూడు చక్రాల విద్యుత్ వాహనం మలుపుల్లో ఒరగడం, దానికి మీ సర్వీసు కేంద్రం ఇచ్చిన జవాబు.

అయ్యా,

నేను రాజమహేంద్రవరంలో ఉంటున్న విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ణి. ‘ఇక కారెందుకు?’ అన్న మీ ప్రకటన చూసి, గత జూన్‌లో పాత పెట్రోలు కారు అమ్మేసి, ముందొకరు వెనకొకరు కూర్చునే మీ బండి కొన్నాను. ఒక్క మనిషి కూరలు తెచ్చుకోవడానికి టన్నుకు దగ్గరగా ఉన్న ఇనుమును ఊరంతా తిప్పడం దండగన్నది నా చిరకాల అభిప్రాయం కనుక, దాని తేలికదనమే నన్ను ఆకట్టుకుంది. ఆ విషయంలో నాకిప్పటికీ ఫిర్యాదు లేదు. రాత్రి ఇంట్లో ప్లగ్గుకు తగిలిస్తే తెల్లవారేసరికి ఛార్జింగ్ నిండుతోంది.

ఆగస్టు 9వ తేదీ ఉదయం గోదావరి గట్టు రోడ్డులో ఎడమకు తిరుగుతుండగా ఆవు అడ్డం రావడంతో బ్రేకు నొక్కాను. వేగం 30 కిలోమీటర్లకు మించలేదు. అయినా ఎడమవైపు వెనక చక్రం నేలను విడిచింది. బండి ఒక క్షణం రెండు చక్రాల మీద నిలిచి దబ్బున కిందికి దిగేసరికి, సంచిలోని టమాటాలన్నీ కుడి తలుపు మూలకు చేరాయి. ఎదురుగా లారీ వస్తూ ఉంటే ఈ ఉత్తరం మావాళ్లు రాయవలసి వచ్చేది.

మాకు దగ్గరలో ఉన్న మీ సర్వీసు కేంద్రం విజయవాడలోనే కనుక, బండిని ట్రాలీ మీద అక్కడికి పంపాను. వారు రెండు రోజులు ఉంచుకుని, జాబ్ కార్డులో ‘లోపం లేదు’ అని రాసి, ఒంటరిగా వెళ్లేటప్పుడు వెనక పాతిక కిలోల బియ్యం బస్తా వేసుకోమని నోటిమాటగా చెప్పారు. గట్టిగా అడిగితే, ‘ఆటో లాంటిదే కదండీ’ అన్నారు.

ఆ సలహా శాస్త్రవిరుద్ధమేమీ కాదు. ముందు ఒకే చక్రమున్న బండిలో మలుపులో బ్రేకు వేస్తే బరువంతా ముందుకూ పక్కకూ తోసుకుపోతుంది, అక్కడ ఆపడానికి రెండో చక్రం ఉండదు. వెనక, అదీ నేలబారున, బరువు పెడితే కొంత కుదురుతుంది. నేనూ వేసి చూశాను, కుదిరింది. అయితే బస్తా అవసరమని మీకు తెలిసినప్పుడు, ఆ ముక్క ప్రకటనలో కాకపోయినా యజమాని పుస్తకంలోనైనా ఎందుకు లేదు? ఇదేమీ కొత్తగా బయటపడిన సంగతి కాదు. ఇంగ్లండులో 1973లో వచ్చిన రిలయంట్ రాబిన్ అనే మూడు చక్రాల కారుకూ ముందు ఒకటే చక్రం. బోల్తా పడుతుందన్న పేరు దాన్ని చివరిదాకా వదల్లేదు. అదే దేశంలో మోర్గన్ కంపెనీ వారు అంతకు ఆరు దశాబ్దాల ముందే రెండు చక్రాలు ముందు, ఒకటి వెనక అమర్చి బండ్లు చేశారు. అమ్మేటప్పుడు కారు, అడిగేటప్పుడు ఆటో అయ్యే వాహనాన్ని నేను కొనలేదు.

కనుక ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా మీ ఇంజనీరు వచ్చి, నేను ఒక్కణ్ణే నడుపుతుండగా బండిని పరీక్షించి, ఫలితాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి. లోపాన్ని మీ ఖర్చుతో సరిచేయాలి. కుదరకపోతే బండిని వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము, ట్రాలీ ఖర్చులతో సహా, చెల్లించాలి. లేనిపక్షంలో, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే జిల్లాలోనే కమిషన్‌ను ఆశ్రయిస్తాను. బిల్లు, జాబ్ కార్డు నకళ్లు జతపరిచాను. మీ ఇంజనీరు వచ్చేదాకా బస్తాను బండిలోనే ఉంచుతున్నాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారుడు,
రాజమహేంద్రవరం