మ్యుటేషన్లన్నీ పిల్లలకు రావు

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసానికి సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్ళూ ఎదురుచూశాను. వేయలేదు. పొగ తాగేవాళ్ళ ఊపిరితిత్తుల్లో వచ్చిన మ్యుటేషన్, అంటే డీఎన్ఏలో మార్పు, పిల్లలకూ, మనవలకూ దిగుతుందట! అదీ ఎర్రటి అక్షరాల్లో, మూడు తరాల బొమ్మతో సహా.

పొగ మంచిదని నేననడం లేదు. కానీ ఊపిరితిత్తి కణంలో డీఎన్ఏ దెబ్బతింటే అది ఆ కణానికీ, దాన్నుంచి పుట్టే కణాలకే పరిమితం. ఆ మనిషితోనే పోతుంది. బిడ్డకు చేరాలంటే మార్పు అండంలోనో శుక్రకణంలోనో, వాటిని తయారుచేసే కణాల్లోనో ఉండాలి. ఎండ వల్ల చర్మంలో వచ్చే మార్పులదీ ఇదే దారి. ఈ తేడాను జర్మన్ జీవశాస్త్రవేత్త వైస్‌మన్ 19వ శతాబ్దంలోనే చెప్పాడు. మీ డెస్కుకు ఇంకా చేరినట్టు లేదు.

అదే వ్యాసంలో రొమ్ము క్యాన్సర్ అమ్మ తరఫు వాళ్ళకుంటేనే భయపడాలని మరో ముక్క. మార్పు వస్తే ఈ క్యాన్సర్ ముప్పు పెంచే జన్యువుల్లో బీఆర్‌సీఏ1 ఉండేది 17వ క్రోమోజోములో, బీఆర్‌సీఏ2 ఉండేది 13వ దాంట్లో. ఇవి ఆడామగా తేడాను నిర్ణయించే క్రోమోజోములు కావు. కాబట్టి ఆ మార్పులు తండ్రి నుంచీ రావచ్చు, కొడుకైనా కూతురైనా ఒక్కో బిడ్డకు సగం అవకాశం. మేనత్తకు వచ్చినా లెక్కలోకి తీసుకోవాల్సిందే. ఇక రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. ఆ సంగతి రాస్తే టెన్షన్ తగ్గిపోతుందని వదిలేశారేమో.

'మా వంశంలో ఎవరికీ లేదే' అనేవాళ్ళకూ ఒక మాట. ఎకాండ్రోప్లేసియా అనే మరుగుజ్జుతనంతో పుట్టేవారిలో దాదాపు 80 శాతం మంది తల్లిదండ్రులు మామూలు ఎత్తువాళ్ళే. మార్పు ఆ బిడ్డతోనే కొత్తగా మొదలవుతుంది. ఆ మాటకొస్తే పుట్టే ప్రతి బిడ్డలోనూ కొన్ని పదుల కొత్త మార్పులుంటాయి, చాలావరకు ఏ హానీ చేయనివి. వాటిలో ఎక్కువ భాగం తండ్రి వైపు నుంచే, ఆయన వయసుతో పాటు పెరుగుతూ వస్తాయి. బిడ్డకు ఏదున్నా తల్లిని నిలదీసే పెద్దలు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవాలి.

పత్రికనొక్కదాన్నే అని ఏం లాభం? ఆరోగ్య శాఖల వాళ్ళకు క్యాన్సర్ దినం వస్తే బ్యానర్లు, ఉపన్యాసాలు, ఫొటోలు. చేతిలో రిపోర్టు పట్టుకున్న మనిషికి అర్థమయ్యేలా చెప్పే కౌన్సెలర్ మాత్రం దొరకడు. 'మ్యుటేషన్ పాజిటివ్' అని ఉంటే చాలు, ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. పరీక్షకు ఇచ్చింది గడ్డలోంచి తీసిన ముక్కా, రక్తమా అన్నది రిపోర్టు పైభాగంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ వేలు పెట్టి చూపించేవాళ్ళేరి? గడ్డ ముక్కలో కనబడిన మార్పు చాలాసార్లు ఆ గడ్డదే. పిల్లలకు వెళ్ళేదో కాదో తేలాలంటే రక్తమో లాలాజలమో విడిగా పరీక్షించాలి. ఇక 'ప్రాముఖ్యం తేలని మార్పు' అని వస్తే అది రోగ నిర్ధారణ కాదు, ఇంకా తెలియదని అర్థం. ల్యాబులు డబ్బు తీసుకుంటాయి, కవరు చేతిలో పెడతాయి, అంతే.

ఇకనైనా ఇలాంటి వ్యాసాలు అచ్చుకు పంపేముందు జన్యుశాస్త్రం తెలిసినవారితో ఒకసారి చదివించండి. సవరణ వేసే ఉద్దేశం ఉంటే మాత్రం దయచేసి వర్గీకృత ప్రకటనల పక్కన వేయకండి.

– ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు