బిట్లు బట్టీ పడితే ఎన్‌క్లెక్స్ గట్టెక్కదు

సంపాదకుడు గారికి,

పది రోజుల కింద మీ జిల్లా పేజీలో అమెరికా నర్సు కొలువుల మీద వార్త వచ్చింది. ఎవరైనా సవరిస్తారేమోనని ఇన్నాళ్లు ఆగాను. జీతాలు రాశారు, కోచింగ్ ఫీజుల్లో రాయితీలు రాశారు. అక్కడ నర్సు లైసెన్సు కోసం రాయాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్ష ఎట్లా ఉంటదో మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఆ పరీక్షకు కూడా స్టాఫ్ నర్సు పోస్టులకు చదివించినట్టే బిట్లు బట్టీ పట్టిస్తున్నారు. రెండింటికీ పొంతన లేదు. అక్కడ ఇచ్చిన జవాబును బట్టి కంప్యూటరే తర్వాతి ప్రశ్నను ఎంచుకుంటుంది. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, మించితే 150, గడువు 5 గంటలు. జవాబివ్వకుండా ముందుకు పోలేరు, దాటినదానికి వెనక్కి రాలేరు. "తెలియనివి వదిలేసి చివర్లో చూసుకో" అన్న మన పాత సలహా అక్కడ చెల్లదు. 2023 ఏప్రిల్ నుంచి ఒక్కో రోగి కేసు మీద ఆరేసి ప్రశ్నలు ఇస్తున్నారు. నర్సు నోట్సు, బీపీ, ల్యాబ్ రిపోర్టులు తెర మీద పెట్టి, ఇందులో ప్రమాదం ఏది, ముందు ఏం చేస్తావు, చేశాక రోగి కుదుటపడ్డాడా అని అడుగుతారు. వర్తించేవన్నీ గుర్తించమన్న ప్రశ్నలో తప్పుది పెడితే వచ్చిన మార్కు పోతుంది. అన్నిటికీ టిక్కు పెట్టి రమ్మని చెప్పే సార్లు ఈ సంగతి చదివారా?

మన వార్డుల్లో పారాసిటమాల్, అడ్రినలిన్, సాల్బుటమాల్. అవే మందులకు అక్కడి పేర్లు ఎసిటమినోఫెన్, ఎపినెఫ్రిన్, ఆల్బ్యుటెరాల్. మందు తెలిసీ పేరు తెలియక పిల్లలు ప్రశ్న పోగొట్టుకుంటారు. లెక్కల ప్రశ్నలూ అంతే. 1000 మి.లీ. సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి, సెలైన్ ఎక్కించే గొట్టం సెట్టులో మి.లీ.కి 15 చుక్కలు అనుకోండి. 1000ని 15తో గుణించి 480 నిమిషాలతో భాగిస్తే 31.25, అంటే నిమిషానికి 31 చుక్కలు. కష్టమేం కాదు. కానీ వార్డులో గడియారం చూడకుండా అంచనాతో చుక్కల వేగం మార్చే రోలర్ తిప్పడం అలవాటైనవాళ్లు గంటలను నిమిషాలు చేయడమే మరిచిపోతారు.

అన్నిటికన్నా దెబ్బతీసేవి పని అప్పగింత ప్రశ్నలు. నిలకడగా ఉన్న రోగికి స్నానం చేయించడం, నడిపించడం, బీపీ చూడటం సహాయకులకు ఇవ్వొచ్చు. కొత్తగా చేరిన రోగిని మొదటిసారి పరీక్షించడం, ఇంటికి పోయేటప్పుడు జాగ్రత్తలు నేర్పడం ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) పనే. మన దగ్గర స్నానమూ నడిపించడమూ రోగి వెంట వచ్చినవాళ్లవే, మిగిలినవన్నీ ఒక్క సిస్టర్ నెత్తిన. ఎవరికి ఏది అప్పగించాలన్న ఆలోచన విద్యార్థికి ఎక్కడ అలవడుతుంది? మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండకు 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. నర్సింగ్ పిల్లలను మాత్రం ఇప్పటికీ మనుషుల కొరత తీర్చేందుకే వాడుతున్నారు. మిగిలిన పొద్దంతా రికార్డులు రాయడంతోనే సరి. తనిఖీకి వచ్చే అధికారులు ఆ రికార్డులకు వేసిన అట్టలు చూసి సంతకం పెట్టి పోతారు.

పేరు విషయం ఇంకో తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, దరఖాస్తులో ఇంకో తీరు. హైదరాబాద్ కేంద్రంలో చూపాల్సింది పాస్‌పోర్టు. పరీక్ష అనుమతి పత్రంలోని పేరు దానితో కలవకపోతే లోపలికి రానివ్వరు. రిజిస్ట్రేషన్‌కు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తున్నందుకు ఇంకో 150 కట్టి వెనక్కి తిరగాలి. దరఖాస్తు నింపే రోజే పాస్‌పోర్టు పక్కన పెట్టుకోమని చెప్పేవాళ్లు లేరు.

జిల్లాకొక కంప్యూటర్ హాలు ఇచ్చి, ఫైనలియర్ పిల్లలకు నెలకోసారైనా 5 గంటల నమూనా పరీక్ష పెట్టించాలి. మీరు కూడా చదువు పేజీలో వారానికొక రోగి కేసు, జవాబు ఎందుకు సరైనదో వివరణతో సహా వేయండి.

- ఒక నర్సింగ్ అధ్యాపకురాలు, మహబూబ్‌నగర్